లోపలి గొళ్లెం

"సారును అవుతలికి పొమ్మనుండ్రి. పోయినంకనే తీస్త."

బాత్రూం లోపలి నుంచి మా అత్త పోశవ్వ అన్న మొదటి మాట అది. అంతకు ముందు చాలాసేపు చెంబుతో బకెట్ మీద కొట్టింది. పడిపోయానని చెప్పడానికి ఆమెకు దొరికిన దారి అదే. ఆమె సారు అనేది నన్నే. ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణే.

"అత్తమ్మా, దెబ్బ తాకిందా?" అని తలుపు దగ్గర నిలబడి అడిగాను. జవాబు లేదు. మళ్లీ అడిగితే చెంబు చప్పుడు కూడా ఆగిపోయింది.

పెళ్లయిన నాటి నుంచి ఆమె నాతో నేరుగా మాట్లాడలేదు. నా ముందు కుర్చీలో కూర్చోలేదు. మెట్‌పల్లిలో ఆమె ఈడు ఆడవాళ్లు కొందరు అల్లుడి ముందు ఇప్పటికీ అట్లాగే ఉంటారు. "సారు తిన్నడా?" అని నా భార్యను అడిగేది. "తిన్నా అత్తమ్మా" అని నేను చెప్పేవాణ్ణి. ఆమె విననట్టే ఉండేది. స్వరూప నవ్వి, "తిన్నడంటనే అవ్వా" అని నా మాటనే మళ్లీ చెప్పేది. అప్పుడు తల ఊపేది.

ఎండాకాలంలో స్వరూప చనిపోయింది. ఆ తరువాత అత్తమ్మ ఫోటోతో చెబుతోంది. "చాయ్ సల్లారుతున్నది బిడ్డా" అంటుంది ఫోటోను చూస్తూ. నేను వెళ్లి చాయ్ తాగుతాను.

గోడ అవతలి నసీమాను పిలిచాను. మెడలో కొలతల టేపుతోనే వచ్చింది. కుట్టుమిషన్ మీద నుంచి లేచి వచ్చినట్టుంది.

"అమ్మా, నేను నసీమాను. గొళ్లెం తియ్యి."

అప్పుడే అత్తమ్మ ఆ మాట అన్నది, నన్ను అవతలికి పొమ్మనమని.

"ఇన్నరు గద సార్, వోండ్రి జర" అంది నసీమా. నేను ముందు వరండాలోకి వెళ్లాను. అక్కడి నుంచి ఆమె గొంతు వినిపిస్తూనే ఉంది. "సారు పోయిండు. ఒట్టు. లేవరాకుంటే లేవకు. చీపురు అందుతదా? దాని కట్టెతోని గొళ్లెం పైకి నూకు. ఇంకజర. ఇంకజర పైకి."

గొళ్లెం జారిన చప్పుడు వచ్చింది. తరువాత నీళ్ల చప్పుడు, ఇద్దరు ఆడవాళ్ల మాటలు. నేను వరండా గోడకు వేలాడుతున్న స్కూటర్ తాళంచెవిని చూస్తూ నిలబడ్డాను. దానికి స్వరూప కట్టిన ఎర్రదారం రంగు వెలిసింది.

మా వీధి డాక్టరు వచ్చి చూశాడు. ఎముక విరగలేదు, నడుము పట్టేసింది అన్నాడు. రెండేళ్ల కింద పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆమె ఎడమకాలు స్వాధీనంలో లేదు. స్నానం స్వరూప చేయించేది, స్వరూప పోయాక మా అమ్మాయి నవ్యశ్రీ. నవ్య ముందురోజు హైదరాబాద్ బస్సెక్కింది, ఇంకా రాలేదు. స్నానం చేయకుండా కూతురి ఫోటో ముందు దీపం పెట్టదు అత్తమ్మ. అందుకే గోడ పట్టుకుని ఒంటరిగా వెళ్లింది.

డాక్టరు వెళ్లాక నసీమా నా దగ్గరికి వచ్చింది.

"సార్, ఒక మాట అడుగుత, తప్పు పట్టకుండ్రి. ఇయ్యాల నేను బట్టల కోసం బజారుకు పోయుంటే ఏమయ్యేది?"

"తలుపు పగలగొట్టేటోణ్ణి."

"కొట్టకపోదురు సార్." ఆమె గొంతులో కోపం లేదు. "మీరు గట్లనే నిలవడుదురు, అమ్మ గట్లనే పడుందురు. ఇద్దరికి ఇద్దరు."



*

మధ్యాహ్నం దాటాక నవ్య వచ్చింది. జరిగింది విని సంచి కూడా దించకుండా లోపలికి వెళ్లి, చాలాసేపటికి బయటికి వచ్చింది.

"కాలేజీల మాట్లాడొచ్చిన బాపూ. ఈ ఏడు ఆపుకోవచ్చంట. వచ్చే ఏడు మల్ల చేరొచ్చు."

"నువ్వు ఆపేది లేదు."

"మరి అమ్మమ్మకు తానం నువ్వు చేయిస్తవా?"

అది ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. ఇదివరకు పెట్టుకున్న పనామె రెండు వారాలకే మానేసింది. తరువాత ఎవరూ దొరకలేదు. జగిత్యాల రోడ్డు వైపు సరళమ్మ అనే రిటైరైన నర్సు తన ఇంట్లోనే ముసలివాళ్ల కోసం నడిపే చిన్న హోం ఉందని విన్నప్పటి నుంచి మా ఇంట్లో ఆ మాటే నడుస్తోంది. అందరూ ఆ హోం గురించి ఫోన్లో వచ్చిన రివ్యూలు చదువుతున్నారు. చదివిన కొద్దీ ఎవరి మాట వారిదే అవుతోంది.

సాయంత్రం రాకేశ్ వీడియో కాల్ చేశాడు. స్వరూప తమ్ముడు, అత్తమ్మకు ఒక్కడే కొడుకు, మస్కట్‌లో క్రేన్ నడుపుతాడు. తెర మీద అతని వెనక ఒకదానిపై ఒకటిగా మంచాలు, ఆరేసిన బనియన్లు. అదే కాల్‌లో ఆదిలాబాద్ నుంచి అతని భార్య దీపిక చేరింది. జిన్నింగ్ మిల్లు ఆఫీసులో ఉన్నట్టుంది, జుట్టు మీద దూది పోగులు.

"బావా, నేను పంపినయి సదివినవా?"

"చదివిన."

"ఏం రాసిండ్రు? నేను సదువుత, అందరు ఇనుండ్రి. 'బాత్రూం తలుపులకు లోపల గొళ్లాలు లేవు. మా అమ్మ తానం చేస్తుంటే పనిపిల్ల తలుపు గుంజి తీసింది. ముసలోళ్లకు సిగ్గుండదా?' ఒక్క స్టారు. నా తల్లిని తీస్కపోయి ఆడ పడేస్తరా?"

"దాని కిందిది గూడ సదువు" అంది దీపిక. "సదువవు. నేను సదువుత. 'మా బాపు బాత్రూంల పడ్డడు. తలుపుకు లోపల గొళ్లెం లేకపాయె గనుక వెంటనే తీసి లేపిండ్రు. లేకుంటే మాకు దక్కకపోతుండె.' ఐదు స్టార్లు. గొళ్లెం ముచ్చట ఒక్కటే. ఒకామెకు ఒక్కటి, ఒకాయనకు ఐదు."

"ఐదు స్టార్లు వాళ్లే రాయించుకుంటరు."

"మరి ఒక్క స్టారు? పక్క హోమోడు రాయిస్తడు. నీకు కావలసినయి నువ్వు ఏరుకుంటున్నవు."

"నువ్వు ఏరుకుంటలేవా?"

"నేను గూడ ఏరుకుంటున్న. గని నేను మస్కట్ల కూసోని ఏరుకుంటలేను."

మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఇద్దరూ వారం నుంచి ఇదే పని చేస్తున్నారు. అతను ఒక్క స్టారువి పంపుతాడు, ఆమె ఐదు స్టార్లవి. ఆ గ్రూపులో స్వరూప పేరు ఇంకా ఉంది. తీసేయమని ఎవరూ అనలేదు.

"మామా" అంది నవ్య, నా భుజం మీదుగా ఫోన్లోకి వంగి. "అమ్మమ్మను మస్కట్‌కు తోలుకపోతవా?"

"నువ్వు నడుమల మాట్లాడకు బిడ్డా."

"ఆదిలాబాద్‌కు?"

దీపిక చేత్తో జుట్టులోని దూది తీసుకుంటూ చెప్పింది. "మాది మీదంతస్తు నవ్యా. ఒక్కటే గది. గీ సీజన్ల దీపాలు పెట్టినంకనే ఇంటికొస్త. అత్తమ్మను ఆ మెట్లెక్కిచ్చి లోపలేస్తే, నేను మిల్లుకొచ్చినంక ఎవలు జూడాలె? మా చింటుగాడు రోజూ నాయినమ్మను యాదిచేసి 'ఆజీ ఎప్పుడొస్తది' అని అడుగుతడు. నాకు మనసు లేదనుకుంటున్నరా అందరు?"

"ఎవలన్నరే లేదని?"

"నువ్వన్నవు. మొన్న."

రాకేశ్ వెనక ఎవరో బనియన్ తీసుకుని వెళ్లారు.

"బావా, గిది ఇను. అవ్వ బిడ్డ ఇంట్ల ఉన్నదంటె ఊళ్లె ఎవలేమనరు. గౌరవంగున్నది. హోంల ఏసిండ్రంటె నేను మెట్‌పల్లిల ఏ మొఖం పెట్టుకోని దిగాలె? ఉండనియ్యుండ్రి బిడ్డ ఇంట్లనే."

"బిడ్డ లేదు గద మామా" అంది నవ్య.

దీపిక తల దించుకుంది. రాకేశ్ ముఖం తెర మీద కదలకుండా ఆగిపోయింది. సిగ్నల్ పోయిందో, అతనే కదల్లేదో తెలియలేదు.

లోపలి గదిలో అత్తమ్మ దగ్గింది. ఆ గది తలుపు ఓరగానే ఉంది. మొదట్లో అందరం మెల్లగా మాట్లాడాలనుకున్నాం. ఎప్పుడు మరిచిపోయామో గుర్తు లేదు.

కాల్ ఆగిపోయాక నవ్య అన్నం పెట్టింది. పప్పులో ఉప్పు లేదు. నేను చెప్పలేదు, తనూ చెప్పలేదు.

"బాపూ, మన ఇంటికి ఎన్ని స్టార్లు ఇస్తవు?" అని అడిగింది కంచం తీస్తూ.

నేను చేయి కడుక్కోవడానికి లేచాను.

*

జవాబు పత్రాలు దిద్దీ దిద్దీ నాకొక అలవాటు పడింది. ఏ పిల్లవాడు సొంతంగా రాశాడో, ఏ పిల్లవాడు పక్కవాడిది చూసి రాశాడో రెండు వాక్యాలు చదివితే తెలిసిపోతుంది. హోం గురించిన రివ్యూలను కూడా అట్లాగే చదివాను. ఐదు స్టార్లలో మూడు ఒకే బెంచీ మీద కూర్చుని రాసినట్టున్నాయి. వాటిని పక్కన పెట్టాను. గొళ్లెం గురించి రాసినవి రెండూ సొంత రాతలే. కోపం సొంతం, కృతజ్ఞత కూడా సొంతం. ఏది తప్పని దిద్దాలో తెలియలేదు.

ఇంకొకటి ఉంది. మూడు స్టార్లు. "మంచిగనే చూసుకున్నరు. మా అమ్మీ మాట్లాడుడు బంద్ చేసింది." అంతే. కింద మోయిజ్, చెన్నూరు అని పేరు.

మరునాడు పొద్దున అత్తమ్మ నడుముకు కాపడం పెట్టడానికి వచ్చిన నసీమాకు అది చూపించాను.

"చెన్నూరు మోయిజా? చెప్పుల దుకాణం? మా పెద్దమ్మ కొడుక్కు దోస్తు సార్ అతను. ఆగుండ్రి, నంబరు తెప్పిస్త."

చాయ్ తాగేలోపు నంబరు వచ్చింది. నేను ఎవరో, ఎందుకు చేశానో చెప్పి, ఆ రివ్యూ గురించి అడిగాను.

"అది రాసిన దినం దిల్ బాగలేకుండె సార్" అన్నాడు మోయిజ్. మెత్తటి గొంతు. "వాళ్ల తప్పు లేదు. పండ్లు లేవని అన్నం మెత్తగ చేసి పెట్టిండ్రు. బట్టలు సాఫ్‌గ ఉంచిండ్రు. మా అమ్మీ పుట్టింది చంద్రాపూర్ దిక్కు సార్, తెలుగు తక్కువ. ఆడ అందరు తెలుగోళ్లే. నేను ఆదివారం పోయి 'బోలో అమ్మీ' అంటే నా మొఖం చూసేది. ఒక్క మాట రాకపోయేది. ఒకటియ్యాల్నంటె మనసొప్పలే. ఐదియ్యాల్నంటె ఒప్పలే. నడుమలది ఇచ్చిన."

"ఇప్పుడు ఎట్లున్నరు?"

"ఇంటికి తోలుకొచ్చిన."

"మాట్లాడుతున్నరా?"

అవతల ఎవరో చెప్పుల ధర అడుగుతున్నారు. మోయిజ్ వాళ్లకు ఆగమని చెప్పాడు.

"లేదు సార్. ఇంట్ల గూడ మాట్లాడుత లేదు. మరి నేను రాసింది తప్పయిందా? తీసెయ్యాల్నా సార్ అది?"

నేను ఉపాధ్యాయుణ్ణని చెప్పాను కనుక అట్లా అడిగాడేమో. తీసేయమని అనలేదు, ఉంచమనీ అనలేదు.

"మీ అమ్మ మంచిగ మాట్లాడుతరా సార్?" అని అడిగాడు చివర.

"మా అత్తమ్మ. మాట్లాడుతది. నాతోని కాదు."

"అరే. ఎన్ని దినాల సంది?"

"పెళ్లయినప్పటి సంది."

అతను నవ్వబోయి ఆగాడు. "మాఫ్ చేయండి సార్" అన్నాడు.

*

ఆ రోజు శనివారం. ఒంటిపూట బడి అయ్యాక నవ్యను స్కూటర్ మీద ఎక్కించుకుని హోంకు వెళ్లాను.

పచ్చ గేటు, రెండంతస్తుల ఇల్లు. కింద అంతస్తులోనే ముసలివాళ్లు ఉంటారు. హాల్లో టీవీ గట్టిగా మోగుతోంది, చూస్తున్నవాళ్లు లేరు. ఒకాయన కిటికీ దగ్గర తల వాల్చి నిద్రపోతున్నాడు. మంచాల మీద దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. ఒక గదిలో మాత్రం మూత్రం వాసన వచ్చింది. నవ్య నా వైపు చూసింది. సరళమ్మ అది గమనించింది.

"వస్తది సార్, వాసన. రాదని చెప్తే నమ్మకుండ్రి. రెండు పూటల కడుగుతం. నడుమల ఒక్కోపారి ఆలస్యమైతది."

ఆమె నర్సుగా చేసినప్పటి తెల్లచీరలోనే ఉంది. మాట కూడా అట్లాగే ఉంది, తెల్లగా.

వెనక వైపు బాత్రూంలు. ఒక తలుపు లోపలి పక్కన, గొళ్లెం ఉండాల్సిన చోట మరల రంధ్రాలు లప్పంతో పూడ్చిన గుర్తులున్నాయి. నేను వాటి మీద వేలు పెట్టి చూశాను. ఎందుకు పెట్టానో తెలియదు.

పక్క బాత్రూంలో ఎవరో స్నానం చేస్తున్నారు. తలుపు దగ్గరగా వేసి ఉంది. తలుపు అంచును లోపలి నుంచి ఒక చేయి పట్టుకుని ఉంది. ముడతలు పడిన నాలుగు వేళ్లు, ఒక వెండి ఉంగరం. ఆ చేతితో తలుపును లాగి పట్టుకుని, రెండో చేత్తో నీళ్లు పోసుకుంటున్నట్టుంది. నేను వెంటనే వెనక్కి తిరిగాను.

"శంకరవ్వా, అయిందా?" అని ఒక పనిమనిషి దూరం నుంచే అడిగింది.

"కాలే."

"కానియ్యి, కానియ్యి. తొందర లేదు."

సరళమ్మ మమ్మల్ని హాల్లోకి తీసుకొచ్చింది. "రోజు గట్లనే పట్టుకుంటది. మేము గుంజము. ఆమె పడితె చెయ్యి ఇడుస్తది, తలుపు దానంతట అదే తెరుసుకుంటది. నాకు గంతే కావాలె."

"ఒకామె రాసింది" అంది నవ్య. "తలుపు గుంజి తీసిండ్రని."

"నిజమే రాసింది బిడ్డా. కొత్త పిల్ల, తొందరల తీసింది. తెల్లారే పంపించేసిన."

"మరి కింద జవాబు రాయకపోతిరి?" అన్నాను నేను.

"ఏమని రాయాలె సార్? తీయలేదని రాయాల్నా? పిల్లను పంపిస్తే ఆ తల్లి సిగ్గు తిరిగొస్తదా?"

ఒకే బెంచీ మీద రాసిన మూడింటి గురించి కూడా అడిగాను. ఆమె మొదటిసారి నవ్వింది. "అవి మా మరిది కొడుకు పనులు. వద్దంటే ఇనలే. మీరెట్ల పట్టిండ్రు?"

బయలుదేరేటప్పుడు గేటు దాకా వచ్చింది. "ఆడోళ్ల గదిల ఒక్క మంచమే ఖాళీ. పెద్దపల్లి వాళ్లు గూడ అడుగుతుండ్రు. ఇయ్యాల సాయంత్రం దాక ఆపుత సార్. నేనే ఫోన్ చేస్త. అవునంటె అవును, కాదంటె కాదు. రెంటికి నాకు కోపం రాదు."

దారిలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నవ్య అంది.

"ఆ చెయ్యి చూసినవా బాపూ?"

"చూసిన."

"మంచిదా, చెడ్డదా?"

"తెలుస్తలేదు."

"నాకు గూడ" అంది. కాసేపాగి, "నేను ఏడు ఆపుకుంట బాపూ. గంతే" అంది. పచ్చదీపం పడింది. వెనకవాడు హారన్ కొట్టేదాకా నేను బండి తీయలేదు.

*

మేము వచ్చేసరికి అత్తమ్మ మంచం మీద దిండుకు ఆనుకుని ఉంది. నసీమా పక్కన కూర్చుని జాకెట్టుకు కాజాలు కుడుతోంది. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. నన్ను చూసి అత్తమ్మ కొంగు సర్దుకుంది.

"ఆడ తానం కాడ ఎట్లున్నది బిడ్డా?" అని నవ్యను అడిగింది.

హోం గురించి మేము ఆమెకు ఒక్కసారి కూడా చెప్పలేదు. నవ్య నా వైపు చూసింది. నేను ఏమీ సైగ చేయలేదు.

"తలుపున్నది అమ్మమ్మా. లోపల గొళ్లెం లేదు."

"తీసేది ఆడోళ్లా, మగోళ్లా?"

"ఆడోళ్లే. పడితేనే తీస్తరంట."

"ఊఁ."

"అమ్మా, నీకెవలు చెప్పిండ్రు ఈ ముచ్చట?" అంది నసీమా.

"నా చెవులు గూడ పడిపోయినయా? నడుమే గద పట్టింది" అంది అత్తమ్మ. "ఫోన్ల నా కొడుకు ఒకటి సదివె, కోడలు ఒకటి సదివె. ఇద్దరు సదివింది ఆ గొళ్లెమే. నేను ఈడ పండుకోని ఇన్న."

నసీమా నవ్వింది. అత్తమ్మ నవ్వలేదు.

కాసేపటికి నసీమా వెళ్లిపోయింది. నవ్య నడుముకు పట్టీ తేవడానికి మందుల షాపుకు వెళ్లింది. నేను ముందు గదిలో జవాబు పత్రాల కట్ట విప్పుకుని కూర్చున్నాను. పేరు ఉన్న చోట పేరు చదివాను, కింద ఏముందో బుర్రకెక్కలేదు. ఎదురుగా బల్ల మీద ఫోన్ పెట్టుకున్నాను. సాయంత్రమైంది. సరళమ్మకు అవునని చెప్పాలని నాలుక మీద పెట్టుకుని, కాదని చెప్పాలని మళ్లీ పెట్టుకుని, రెండింటికీ ఒకే రుచి ఉన్నట్టనిపించింది. అసలు రుచే లేనట్టు.

వాకర్ చప్పుడు వినిపించింది. అత్తమ్మ లోపలి గది నుంచి వస్తోంది. ఆమె కూర్చోవాలంటే నేను ఆ గదిలో ఉండకూడదు. ఎప్పటిలాగే లేచి వరండా వైపు నడవబోయాను.

ఆమె వచ్చి కుర్చీలో కూర్చుంది. నేనింకా గదిలోనే ఉన్నాను.

"సారూ" అంది.

నేను వెనక్కి చూశాను. గోడ మీద స్వరూప ఫోటో ఉంది. అత్తమ్మ ఫోటో వైపు చూడటం లేదు.

"మరలు ఊడదీసేది ఉన్నదా ఇంట్ల?"

"ఉన్నది" అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

"ఆ బాత్రూం గొళ్లెం పీకెయ్యి."

"అత్తమ్మా..."

"నిన్న నీ పాదాలు కనవడ్డయి. తలుపు కింద సందుల నుంచి. నేను పడుకోనే చూస్తున్న. అటు పోవు, ఇటు పోవు. 'లేవరాత లేదు సారూ' అని ఒక్క మాట అంటే అయిపోతుండె. నోరు రాలే." ఊపిరి తీసుకుంది. "నా బిడ్డ ఉంటే నీకు చెప్తుండె."

స్వరూప ఉంటే నా జవాబు తనే చెప్పేది.

సొరుగులో స్క్రూడ్రైవర్ వెతికి తీసుకుని వెళ్లాను. గొళ్లెం మరలు తుప్పు పట్టి ఉన్నాయి. మొదటిది కష్టంగా తిరిగింది. ఆమె వాకర్ పట్టుకుని వచ్చి నా వెనక నిలబడింది. కొంగు తల మీద ఉంది, కానీ ముఖం అటు తిప్పుకోలేదు.

"నవ్యను సదువుకు తోలు" అంది.

"తోలుత."

"రాకేశ్ గాని మాట పట్టుకోకు. ఊళ్లె మొఖమంటడు. ఆని మొఖం ఊళ్లె చూసినోళ్లెవలు, మూడేండ్లాయె."

రెండో మర వచ్చింది. మూడోది కూడా.

"అత్తమ్మా, మరి మీరు..." అన్నాను.

"అలవాటు చేసుకోవాలె గద" అంది. "గొళ్లెం లేకుంట."

ఇక్కడా, అక్కడా అని ఆమె చెప్పలేదు. నేను అడగలేదు. చివరి మర తీశాను. గొళ్లెం ఊడి చేతిలోకి వచ్చింది. తలుపు మీద దాని ఆకారంలో పాత రంగు మిగిలింది.

ఆమె వాకర్ బయటే వదిలి, గోడ పట్టుకుని లోపలికి వెళ్లింది.

"కాళ్లు కడుక్కుంట. దీపం పెట్టాలె" అంది. తలుపు దగ్గరికి లాగుకుంది. తలుపు అంచున ఆమె వేళ్లు కనిపించాయి. చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టిన వేళ్లు, కొసలు అరిగి నున్నగా ఉన్నాయి. ఆ వేళ్లు తలుపును బిగించి పట్టుకున్నాయి.

నేను అవతలికి పోవాలి. పోలేదు. నా పాదాలు కింది సందులోంచి ఆమెకు కనిపిస్తూ ఉండాలి.

ముందు గదిలో ఫోన్ మోగింది. వెళ్లి బల్ల మీద నుంచి తీసుకుని, మోగుతుండగానే మళ్లీ తలుపు దగ్గరికి వచ్చాను. తెర మీద సరళమ్మ పేరు. నా ఇంకో చేతిలో గొళ్లెం ఉంది.

లోపల నీళ్ల చప్పుడు ఆగింది. తలుపు అంచున వేళ్లు కదిలాయి.

"ఎవలు సారూ, ఫోను?" అని అడిగింది అత్తమ్మ. "ఆ హోం ఆమెనేనా?"

ఆ ప్రశ్నకు నేనే జవాబు చెప్పాలి. నా మాట ఆమెకు చేర్చేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు. ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది.